ఆమోసు దొర కూతురు

చచ్చిపోయిన మనిషిని చూసి కుళ్ళుకునేవాళ్ళు లోకంలో ఎందరుంటారో తెలియదు గానీ, నేనొకదాన్ని. తోడికోడల్ని చూసి కుళ్ళుకోవచ్చు, పక్కింటావిడ పట్టుచీర చూసి కుళ్ళుకోవచ్చు, వాటికో అర్థం ఉంది. నేను కుళ్ళుకున్నది ఎవరిని చూసి? నేను పుట్టకముందే అమెరికాలో పుట్టి, అక్కడే ముసలివాడై, అక్కడి మట్టిలోనే కలిసిపోయిన ఆమోసు దొర అనే పాదిరీని చూసి. ఇన్నేళ్ళలో ఆ కుళ్ళు చల్లారిపోయిందనే అనుకున్నాను. పోయిన నెల రంగూన్ నుంచి లచ్చిమి వచ్చింది. మా వంటింట్లో కత్తిపీట ముందేసుకుని చేపలు బాగుచేస్తూ, "ఆమోసు దొర తన కోటు మేకుకి తగిలించె" అని కూనిరాగం తీసింది. అంతే, నా కడుపులో మళ్ళీ చిన్నప్పటి మంట లేచింది.

లచ్చిమి మా నూకరాజు మనవరాలు. మా నూకరాజంటే చుట్టం కాదు. రంగూన్ రేవులో ఓడల మీంచి బస్తాలు దింపే మనిషి, ఊరు శ్రీకాకుళం వైపు, అమ్మవారి కథలకి జమిడిక వాయించే ఇంట్లో పుట్టినవాడు. ఈ పిల్ల సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి విశాఖపట్నం వచ్చి, మా ఆయన పేరు పట్టుకుని వీధి వీధీ అడుగుతూ మా ఇల్లు చేరింది. "నాను నూకరాజు మనవరాల్ని మామ్మా. మిమ్మల్ని మా తాత పాప, పాప అనీవోడు. మీ పేరేటో ఆడికే తెలీదేమో" అంటూ నవ్వింది. రెండు మాటలు తెలుగూ, ఒక మాట బర్మా భాషా. అయినా ఆ యాస వినేసరికి నాకు నేను పుట్టి పెరిగిన రంగూన్‌లో, లత పేటలోని మా ఇల్లు వాసనతో సహా గుర్తొచ్చింది.

తెలుగు బాప్టిస్టు గుడి వెనక చెక్క ఇల్లు మాది. నాన్న ఆ గుడికి పాస్టరు. కింద చీనావాళ్ళ దుకాణంలో పొద్దున లేస్తూనే వెల్లుల్లి వేగేది. పక్కింటి బర్మా ఆవిడ దా మ్య పులియబెట్టిన చేపల ముద్ద, ఙపి, జాడీ మూత తీసిందంటే వీధి వీధంతా తెలిసిపోయేది. నది వైపు నుంచి వడ్లమిల్లుల ఊక పొగ వచ్చి ఆరేసిన బట్టలన్నిటికీ పట్టేది. ఈ వాసనలన్నిటి మధ్యా అమ్మ శనివారం శనివారం నాన్న నల్లకోటుకి గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడి గంజి కాలే వాసన వస్తే మర్నాడు ఆదివారం అన్నమాట. ఆ కోటు తగిలించే మేకుకి సరిగ్గా పైన ఉండేది ఆమోసు దొర పటం.

దొరకి పెద్ద గడ్డం, మీసం మాత్రం లేదు. "మీసం గీసుకోడానికి తీరికుంది గానీ గడ్డం గీసుకోడానికి లేదేటి ఈ మారాజుకి?" అనేది అమ్మ, పటం తుడిచినప్పుడల్లా. తుడవడం మాత్రం మానేది కాదు. నాన్న పొద్దున లేచి ఆ పటం ఎదురుగా నిలబడి క్షవరం చేసుకునేవాడు, అక్కడే నిలబడి తల దువ్వుకునేవాడు. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని, "దొర చిన్నతనంలో జ్వరంతోనే మంచులో నడిచి వెళ్ళి చెప్పులు కుట్టేవాడు తెలుసా" అనేవాడు. స్కూల్లో నేను మొదటి మార్కు తెచ్చుకుంటే, "దొరకి స్కూలే లేదు, చెప్పులు కుడుతూ కుడుతూ వాక్యాలు నేర్చుకున్నాడు" అనేవాడు. జ్వరంలోనూ ఆయనే గొప్ప, చదువులోనూ ఆయనే గొప్ప. నేనేం చేస్తే నాన్న ఆ పటం మీంచి చూపు తిప్పుతాడో నాకు తెలిసేది కాదు. తమ్ముడు పుడితే వాడికి ఆమోసు అని పేరు పెట్టాడు. నాకు పెట్టింది దయామణి. బైబిల్లో దయామణి లేదు, అమెరికాలో దయామణి లేదు, ఏ కథలోనూ దయామణి లేదు.

నాన్నకి తల్లీ తండ్రీ లేరు. భీమిలి వైపు ఒక మిషను బడిలో అమెరికా దొరసాని పెంచింది. ఆవిడది ఆమోసు దొర ఊరే. కథంతా చెప్పి, పటం ఇచ్చి వెళ్ళింది. నాన్నకి నాన్న కావలసొచ్చి దొరని తెచ్చుకున్నాడు, బాగానే ఉంది. నాకున్న ఒక్క నాన్ననీ ఆ దొర పట్టుకుపోవడం ఏమి న్యాయం? అమ్మతో అన్నానొకసారి. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "బతికున్న సవితైతే జుట్టు పట్టుకుని ఈడ్చీదాన్ని. సచ్చిపోయిన దొరని ఏటి సేసీది? నువ్వూ ఓర్సుకో" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఈ మంటలో నేను ఒంటరిదాన్ని కానని.

నాన్న నావాడయ్యే వేళ ఒకటుండేది, రాత్రి అన్నం వేళ. నదిలో ఇలస చేప దొరికే రోజుల్లో అమ్మ చింతపండు పులుసు పెట్టేది. ఇలసకి ముళ్ళు మా చెడ్డ ఎక్కువ. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముక్క విప్పి, ముల్లు ముల్లూ ఏరి తన కంచం అంచున పెట్టుకుని, మెత్తటి చేప నా కంచంలో వేసేవాడు. ముళ్ళు ఏరేటప్పుడు మాట్లాడితే పొరపాటున ముల్లు మిగిలిపోతుందని మాట్లాడేవాడు కాదు. ఆ కాసేపూ ఇంట్లో దొర ఉండేవాడు కాదు. పులుసు చల్లారినా సరే, నాన్న వచ్చేదాకా నేను కంచం ముందు నుంచి లేచేదాన్ని కాదు.

ఇక ఆ కథ జమిడిక మీదికి ఎలా ఎక్కిందో చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం నాన్న సేక్కాన్ రేవు దగ్గర కూలీల వసతిళ్ళకి వెళ్ళి వాక్యం చెప్పేవాడు. వారమంతా బస్తాలు మోసిన మనుషులు, చెప్పడం మొదలెట్టగానే గోడకి చేరబడి గుర్రు పెట్టేవారు. నూకరాజు ఒకనాడు నాన్న చెయ్యి పట్టుకుని, "పాస్టరు బాబూ, మీ వాక్యం మంచిదే. నిద్దరొచ్చేత్తంది గదా, ఏటి సేత్తాం? కత కట్టండి. జమిడిక నాను వాయిత్తాను" అన్నాడు. చెక్క డొల్లకి ఒకవైపు తోలు మూసి, దాని నడిమి నుంచి నరం లాగి కట్టిన వాయిద్యం అది. చంకలో పెట్టుకుని నరం మీటితే జుంకు జుంకుమని గుండెల్లో మోగుతుంది. అమ్మవారి కథలు చెప్పుకునే ఆ వాయిద్యం మీద నాన్న ఆమోసు దొర కథ కట్టాడు. చెప్పులు కుట్టే కుర్రాడు పాదిరీ కావడం, మనుషుల్ని సంతలో పశువుల్లా అమ్ముతుంటే ఇది పాపమని గుళ్ళో కేకేసి చెప్పడం, గుళ్ళో ముందు వరసన కూర్చునే ధనవంతులు తలుపులకి తాళం వెయ్యడం, దొర గడ్డిబండెక్కి వీధిలో బోధించడం. మంచు కురిసే ఘట్టం వస్తే ఎవరో ఒకరు "మంచంటే ఏటి బాబూ?" అనేవారు. "ఐసు బండి నుంచి రాలే ముక్కలు ఆకాశం నుంచి రాలితే మంచు" అనేవాడు నాన్న. అందరూ ఓలమ్మో అనుకుని దుప్పటి కప్పుకునేవారు. అంత ఉక్కలో!

జనం అచ్చం మన జనంలాగే విన్నారు. జమిడిక మీద ఎక్కాడంటే వాడు దేవుడే కదా. ఒక ముసలమ్మ కొబ్బరికాయ తెచ్చి నాన్న ముందు పెట్టి, "దొరకి పండగ ఏ నెల్లో సేత్తారు బాబూ? మా గుంటకి కాలు వాపు తగ్గితే పుంజుని కోత్తానని మొక్కుకున్నాను" అంది. నాన్నకి చెమటలు పట్టేశాయి. అమ్మా, దొర మనలాంటి మనిషే, ఆయనకి మొక్కకూడదు, ప్రార్థన ప్రభువుకి చెయ్యాలి అని ఎంత చెప్పినా, "అలాగే బాబూ" అంటూ ఆవిడ కాయ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ కాయతో అమ్మ పచ్చడి చేసింది. నేను ముద్ద కూడా ముట్టలేదు. ఇంట్లో పటమై కూర్చున్నది చాలదా, ఊళ్ళో దేవుడు కూడా కావాలా ఆయనకి?

జమిడిక కథకి ముగ్గురుండాలి. కథ చెప్పేవాడు, వాయించేవాడు, పక్కన వంత. వంత అంటే ఊరికే ఆహా ఓహో అనే మనిషి కాదు. వినేవాళ్ళకి వచ్చే సందేహం తను అడగాలి. వంత అడిగితే కథకుడు జవాబు చెప్పి తీరాలి. చెప్పేదాకా జమిడిక మోగదు, కథ కదలదు. అది వాళ్ళ ఆనవాయితీ. మొదట నూకరాజు తమ్ముడు పెంటయ్య వంత. అతనికి తన్లిన్‌లో, అప్పట్లో సిరియం అనేవాళ్ళం, నూనె కంపెనీలో పని దొరికి పడవెక్కి నది దాటిపోయాడు. ఆ చోటు ఖాళీ అయిందని తెలిసిన రోజున నాకు అన్నం సయించలేదు. నాన్న పక్కన కూర్చునే చోటు! వారం రోజులు ఇంట్లో గొంతెత్తి ఆహా అంటూ తిరిగాను. నాన్న ఆడపిల్ల రేవుకేమిటన్నాడు. "పంపండి. దొర సుట్టూ తిరగాలంటే మనింటి గుంట కూడా ఒకర్తి ఉండాల గదా" అంది అమ్మ. "పాప గొంతు కంచు గొంతు బాబూ" అన్నాడు నూకరాజు. అలా నేను వంతనయ్యాను.

ఆనందం ఎంతసేపు? పక్కన కూర్చున్నాను గానీ, కథ మొదలయ్యాక నాన్న కళ్ళు నన్ను చూసేవి కావు. వసతింటి గోడ మీద లేని పటాన్ని చూసేవి. నేనెంత గట్టిగా ఆహా అన్నా ఆ ఆహా దొరకే పోయేది. పైగా కథ రానురాను ఒక వైపుకి వాలింది. దొర పాదిరీ పని వదిలి, చట్టాలు చేసే సభకి ఓట్లకి నిలబడే ఘట్టం జనం మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవారు. వసతిళ్ళలో కొళాయి లేదు, గది చాలక వంతులేసుకుని పడుకునేవారు. వినేసి, "దొర ఎల్లినాడు గదా, మరి మీరెల్లరేటి బాబూ?" అని అడిగేవారు. వాళ్ళలో చాలామందికి ఓటే లేదు. ఓటున్న దుకాణదారులూ మేస్త్రీలూ కూడా వచ్చి కూర్చోవడం మొదలెట్టారు. మునిసిపాలిటీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. గుడి పెద్దలు నాన్నని పాస్టరు పీఠమో, ఓట్లకి నిలబడడమో ఒకటి తేల్చుకోమన్నారు. నాన్న ఇంటికి రావడం ఆలస్యం కావడం మొదలైంది. ఇలస పులుసు రెండుసార్లు అమ్మే ముళ్ళు తీసి పెట్టింది. అమ్మ తీస్తే ఒకటీ అరా ముల్లు మిగిలేది. దొర మా ఇంట్లో ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమైపోయింది. అన్నం వేళ కూడా పట్టుకుపోతాడు.

ఆ ఆదివారం వసతింటి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. నాన్న నల్లకోటు వేసుకునే వచ్చాడు, ఎండలో. దొరని తలుపులేసి వెళ్ళగొట్టారు, దొర గడ్డిబండెక్కాడు. "అప్పుడా జనం అన్నారూ, దొరా, నీ మాట చట్టాలు చేసే చోట చెప్పమన్నారూ" అంటూ నాన్న లేచి నిలబడ్డాడు. తన కోటు విప్పాడు. వెనక గుంజకి ఒక మేకుంది. "ఆమోసు దొర తన కోటు మేకుకి తగిలించె" అని పాడుతూ తన కోటు ఆ మేకుకి తగిలించాడు. జనానికి అర్థమైపోయింది. తగిలించె ఆహా తగిలించె అనాలి నేను. అనలేదు.

"ఓ కథకుడా, నాకొక సందేహం" అన్నాను.

నాన్న తిరిగి చూశాడు. ఆ కథ మొదలెట్టాక ఆయన నన్ను చూడడం అదే మొదలు. "అడుగు వంతా" అన్నాడు.

"దొర సభకెళ్ళిపోతే, ఆయన కూతురికి చేప ముళ్ళు ఎవరు తీసి పెడతారు?"

జనం గొల్లుమన్నారు. ఒకామె, "ఓలమ్మ, గుంట బలే అడిగినాది!" అంది. నాన్న నవ్వలేదు. దొర పెళ్ళాం గురించి గానీ పిల్లల గురించి గానీ దొరసాని ఆయనకేమీ చెప్పలేదు. ఆయనా అడగలేదు. "కథ కానీ నూకరాజూ" అన్నాడు మెల్లగా. నూకరాజు చెయ్యి నరం మీదికి వెళ్ళలేదు. "వంత అడిగినాది బాబూ. సెప్పాల. సెప్పకపోతే నాను వాయించకూడదు" అన్నాడు. నదిలో స్టీమరు కూసింది. నాకు కావలసిన జవాబు ఒక్కటే. కోటు మేకు మీంచి తీసి, ఇంటికి పోదాం పద అనాలి.

నాన్న కళ్ళు మూసుకుని తెరిచాడు. "దొరకి ఒక కూతురుంది" అన్నాడు. "బంగారం లాంటి పిల్ల. తండ్రి ముళ్ళు తీసి పెడితే గానీ తినని పిల్ల. కోటు మేకుకి తగిలించిన నాడు దొర ఆ పిల్ల ముందు కూర్చుని ఏడ్చాడు. అప్పుడా పిల్ల ఏమందీ? నాన్నా, నా ముళ్ళు నేను తీసుకుంటాను. అక్కడ అమ్ముడుపోయే పిల్లల గొంతులో దిగిన ముళ్ళు ఎవరు తీస్తారు, నువ్వెళ్ళు అంది. నవ్వుతూ వీధి చివరిదాకా వచ్చి చెయ్యి ఊపింది." జనం కళ్ళు తుడుచుకున్నారు. జమిడిక జుంకుమంది. నన్ను తప్ప అందరినీ ఏడిపించింది ఆ పిల్ల. నా ప్రశ్నలోంచి పుట్టి, నా కళ్ళెదుటే నా నాన్న ఒళ్ళో కూర్చుంది.

ఓర్నాయనో! అంతవరకు దొర ఒక్కడే, ఇప్పుడు కూతురు కూడానా! ఆ మంట ఎలాంటిదో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. అది నవ్వింది, నేను నవ్వలేను. అది ముళ్ళు తనే తీసుకుంటుందట, నాకు చేతకాదు. లేచి ఇంటికొచ్చేశాను. మళ్ళీ వంతకి వెళ్ళలేదు, ఆ కథ వినలేదు. నాన్న ఒకటి రెండుసార్లు, "రావే, ఒక్కసారి విను, కథ కొంచెం మార్చాను" అన్నాడు. "మీ దొర కూతురికి చెప్పుకోండి" అన్నాను. అమ్మ ఎన్నడూ కొట్టని మనిషి ఆ మాటకి నెత్తి మీద ఒకటి మొట్టింది. "దయామణీ, నాలిక కాదే నీది, తాటిమట్ట" అంది.

నాన్న గెలిచాడు. గుడి వెనక ఇల్లు వదిలి మేడమీది గదికి మారాం. గదిలో మొదట మేకు కొట్టింది దొర పటానికే. నాన్న కంచం మూతపెట్టి ఉంచేవాళ్ళం, పొద్దున చూస్తే కడిగి బోర్లించి ఉండేది. కొన్నాళ్ళకి నాకు పెళ్ళి చేసి విశాఖపట్నం ఓడెక్కించారు. ఇలస అంటే అప్పటి నుంచి ముట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్ళతో అది నా ఒంటికి పడదు అని చెబుతాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని తలొక గదిలోకీ పోయి తింటారు. ఎవరి కోసం ఎవరూ కాచుకోరు, ఎవరిమీద ఎవరికీ కుళ్ళూ లేదు. శుభ్రంగానే ఉంది. పులుసు చల్లారేదాకా కూర్చోవడం మాత్రం వీళ్ళకి తెలియదు.

లచ్చిమి ఆరోజు తెచ్చింది ఇలసే. నేను పక్కకి నెట్టేస్తుంటే, "ముళ్ళని బయమేటి మామ్మా? ఆగండి, నాను తీత్తాను" అని నా కంచం దగ్గరికి లాక్కుంది. తీస్తూ తీస్తూ చెప్పింది. తాత పోయినా వాళ్ళింట్లో అమ్మవారి కథతో పాటు దొర కథ ఇప్పటికీ చెబుతారట, వసతిళ్ళ దగ్గరి కొళాయిని ఇప్పటికీ పాస్టరు బాబు కొళాయి అంటారట. "కతలో అందరికీ ఇష్టం దొర కూతురే మామ్మా. ఆ పాప ఒచ్చినాదంటే ఆడోళ్ళు ఏడిసేత్తారు."

"దానికి పేరేమన్నా ఉందా?" అన్నాను, నాలుగు కూరల్లో ఉప్పు లేనంత చప్పగా.

"ఉన్నాది. పాస్టరు బాబు మరసటి వారమే పెట్టినారంట. కతలో ఏది మార్సినా ఆ పేరు మార్సకూడదని మా తాతకాడ ఒట్టేయించుకున్నారంట. దయామణి దొరసాని."

ఏ పిల్ల మీద ఏడ్చానో ఆ పిల్లకి నా పేరే. విను, కథ మార్చాను అని నాన్న అన్నది ఇదీ. ఆదివారం ఆదివారం రేవులో అంత జనంలో నాన్న ఆ పేరెత్తి పిలుస్తూ, ముళ్ళు ఏరుతూ, ఏడుస్తూ సెలవు తీసుకుంటూ ఉంటే, నేను మేడమీది గదిలో మూతపెట్టిన కంచం ముందు మూతి బిగించుకుని కూర్చున్నాను. లచ్చిమి తీసిన చేప నా కంచంలో వేసింది. తిన్నాను. ఒక్క ముల్లు లేదు. కళ్ళనీళ్ళు వస్తే పచ్చిమిరపకాయ అన్నాను. అయినా ఒక మాట చెప్పాలి, ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను? ఆ దయామణిని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే. అది నవ్వుతూ పంపింది, నాన్న వారం వారం దాని దగ్గరికి వెళ్ళాడు. కాచుకుని కూర్చున్నది మాత్రం నేను.